ఆరున్నర అంటే ఆరున్నరే: బెంగళూరు అపార్ట్‌మెంట్ తెలుగు బృందం తీరు మార్చాలనుకునే కొత్త అధ్యక్షులకు

మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, సర్జాపుర రోడ్డు పొడవునా, ఓ మాదిరి పెద్ద అపార్ట్‌మెంట్ ఏది తీసుకున్నా అందులో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంటుంది. సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఉగాదికి పచ్చడి, దసరా ముందు బతుకమ్మ, కార్తీకంలో వనభోజనాలు. ఏటా ఒకరిని అధ్యక్షులుగా ఎన్నుకుంటారు. ఎన్నుకుంటారు అనడం మర్యాదకే, వద్దంటున్నా వినకుండా అంటగడతారు అనడం నిజానికి దగ్గర. ఆ కొత్తాయన మొదటి మీటింగులో "ఈ ఏడాది మన గ్రూపు కల్చరే మార్చేద్దాం" అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. ఆరున్నరకని వేసిన ఉగాది కార్యక్రమం ఏడూ నలభైకి మొదలవుతుంది.

చప్పట్లు కొట్టినవాళ్లు అబద్ధమాడలేదు. బృందం తీరు ప్రకటనలు విని మారదు, అంతే. నాయకుడు ఎవరి కోసం ఆగాడు, దేన్ని చూసీచూడనట్టు వదిలేశాడు, ఎవరి పేరు మైకులో పలికాడు, ఎవరి పేరు మరిచాడు, ఇవి చూసి జనం నేర్చుకుంటారు. సంస్థల సంస్కృతి మీద దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ పండితుడు ఎడ్గార్ షైన్ కూడా లెక్క ఇలాగే వేశాడు. నాయకులు దేన్ని పట్టించుకుంటారు, దేన్ని కొలుస్తారు, చిక్కొచ్చినప్పుడు ఎలా నడుచుకుంటారు, డబ్బు ఎక్కడ పెడతారు, ఎవరిని ముందుకు తెస్తారు అన్నవి మొదటి వరసలో ఉంటాయి. గోడకు తగిలించే ఆశయాలు, నియమావళి వెనక వరసలో.

కింద రాసినదంతా అరవై నుంచి నూటయాభై కుటుంబాలున్న బృందానికి, ఒక్క ఏడాది పదవీకాలానికి సరిపడేలా చెప్పినది. ఉదాహరణకు టైము పాటించడాన్ని తీసుకున్నాం. మీ దగ్గర చిక్కు లెక్కల్లోనో, గ్రూపులో వచ్చే ఫార్వర్డుల్లోనో ఉంటే అక్కడ అది పెట్టుకోండి, పద్ధతి మారదు.

మొదటి రెండు వారాలు: నోరు మూసి, నోటుబుక్కు తెరిచి

పదవి చేతికొచ్చిన రెండు వారాల దాకా ఏమీ మార్చకండి. పోయిన మూడు కార్యక్రమాల గురించి ఈ వివరాలు రాసుకోండి.

వేసిన టైము ఎంత, మొదలైన టైము ఎంత. ఎవర్నీ అడగనక్కర్లేదు. దీపం వెలిగించే ఫొటో తీసినవాళ్ల ఫోన్లో దాని వివరాలు తెరిస్తే నిమిషంతో సహా ఉంటుంది. మనుషుల జ్ఞాపకం పావుగంట ఆలస్యమంటే ఫోను గంటా పదంటుంది.

మైకు ఎవరెవరి చేతిలోకి వెళ్లింది, ఎన్నేసి నిమిషాలు. వీడియోలు ఉంటాయి, చూసి రాయండి.

కుర్చీలు ఎవరు వేశారు, ఎవరు తీశారు, గిన్నెలు ఎవరు కడిగించారు.

భోజనం కాగానే ఎవరు వెళ్లిపోయారు, అసలు రావడం మానేసింది ఎవరు. ఈ జాబితా అన్నిటికంటే విలువైనది, రాయడం అన్నిటికంటే కష్టం. పాత చందాల పుస్తకంలో రెండేళ్ల కిందట ఉండి ఇప్పుడు లేని పేర్లు వెతకండి.

చందా ఎంత వసూలైంది, లెక్క ఎన్నాళ్లకు చెప్పారు.

గ్రూపు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, గత ముప్ఫై రోజుల్లో ఎంతమంది కనీసం ఒక్క మాటైనా రాశారో కూడా లెక్కించండి. "గ్రూపంతా ఇదే అంటోంది" అని మీకు చెప్పే పెద్దమనిషి గ్రూపులో ఎన్నో వంతు మంది మాట మోసుకొస్తున్నాడో అప్పుడు తెలుస్తుంది.

ఒక్క అలవాటు, కంటికి కనిపించేది

"ఐకమత్యం పెంచాలి", "క్రమశిక్షణ రావాలి" లాంటివి పక్కన పెట్టండి. వీడియో కెమెరాకు చిక్కని అలవాటును బృందం నేర్చుకోలేదు, మీరు కొలవలేరు. "క్రమశిక్షణ" అనకండి. "వేసిన టైముకి దీపం వెలుగుతుంది" అనండి. "పారదర్శకత" అనకండి. "కార్యక్రమం అయిన 48 గంటల్లో రసీదుల ఫొటోలతో లెక్క గ్రూపులో పడుతుంది" అనండి. మొదటి ఆరు నెలలకు ఇలాంటివి ఒకటి, మరీ ఉత్సాహముంటే రెండు. ఏడు పెట్టుకున్నవాళ్లకు దసరాకల్లా ఒక్కటీ మిగలదు.

వీటిలో లెక్కల అలవాటు మీ ఒక్కరి చేతిలో ఉంటుంది, ఎవరి సహకారమూ అక్కర్లేదు. అందుకని దానితో మొదలుపెట్టడం తెలివైన పని. 1958లో హోలాండర్ అనే మనస్తత్వవేత్త చెప్పిన మాట ఇక్కడ అక్కరకొస్తుంది. నాయకుడు ముందు బృందం మర్యాదలు పాటిస్తూ, అప్పజెప్పిన పని చేసి చూపిస్తే అతని పేరున కొంత పరపతి జమ అవుతుంది. పాత ఆచారాన్ని కదపాలంటే ఆ జమలోంచే ఖర్చు పెట్టుకోవాలి. ఖాతాలో పైసా లేకుండా చెక్కు రాస్తే ఏమవుతుందో, వచ్చీరాగానే ఆచారాల మీద పడే అధ్యక్షుడికీ అదే అవుతుంది.

ఎవరు చెబితే వింటారో కనుక్కోవడం

అధ్యక్షుడి మాటకంటే ఎక్కువ చెల్లే మనుషులు ప్రతి బృందంలో అయిదారుగురు ఉంటారు. వాళ్లు స్టేజీ ఎక్కేవాళ్లే కానక్కర్లేదు. కనుక్కోడానికి వేర్వేరు టవర్ల నుంచి పదిహేను ఇళ్లను ఎంచుకుని విడివిడిగా రెండు ప్రశ్నలు వేయండి. "రాత్రి పదింటికి ఇంట్లో ఏదైనా అవసరం పడితే మన తెలుగువాళ్లలో మొదట ఎవరికి ఫోన్ చేస్తారు?" "గ్రూపులో గొడవైతే ఎవరు చెబితే ఊరుకుంటారు?" మూడుసార్లకు మించి వచ్చిన పేర్లు మీక్కావాలి. సాధారణంగా అందులో మాజీ అధ్యక్షులు తక్కువగా, సాయంత్రం పిల్లల్ని పార్కులో కనిపెట్టుకుని ఉండే అమ్మమ్మలు ఎక్కువగా తేలతారు.

ఈ పద్ధతికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో 56 బడుల్లో మనస్తత్వవేత్త పాలక్ బృందం చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. పిల్లల్ని అడిగి ఎవరి చుట్టూ ఎక్కువ స్నేహాలున్నాయో పటం గీశారు. సగం బడుల్లో కొందరు పిల్లల్ని తీసుకుని, తోటివాళ్లను ఏడిపించడం తప్పని వాళ్లచేతే చెప్పించారు. ఆ బడుల్లో కొట్లాటల ఫిర్యాదులు బాగా తగ్గాయి. అలా ఎంచుకున్నవాళ్లలో పదిమందీ చూసే పిల్లలు ఎక్కువగా ఉన్నచోట ఫలితం ఇంకా బలంగా వచ్చింది. టీచర్లు మెచ్చుకునే పిల్లలు వేరు, పిల్లలు గమనించే పిల్లలు వేరు. మన బృందాల్లోనూ అంతే.

జాబితా సిద్ధమయ్యాక ఒకసారి అనుమానంగా చూడండి. అందరూ ఒకే జిల్లావాళ్లా? తెలంగాణవాళ్లు ఉన్నారా? రాయలసీమవాళ్లు? అద్దెకుంటున్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా, అందరూ ఓనర్లేనా? ఆడవాళ్లెందరు? ఇంటిపేర్లు చదివితే ఒకే కులంలా వినిపిస్తోందా? వినిపిస్తే చింపేసి మళ్లీ రాయండి. మీ మనసులో ఆ ఆలోచన లేకపోవచ్చు. అవతలివాళ్లు మొదట చూసేది మాత్రం అదే, చూశామని మీతో అనరు, రావడం మానేస్తారు.

ఆ అయిదారుగురిని ఇంటికి టీకి పిలవండి. నలభై నిమిషాలు చాలు. ప్రచారం చేయమని అడగొద్దు. "ఉగాదికి మీరు ఆరుంబావుకల్లా హాల్లో ఉండాలి, ఇంకో రెండు కుటుంబాలను వెంట తీసుకురావాలి" అని మాత్రం అడగండి. అయిదుగురు, తలా రెండు కుటుంబాలు, వాళ్లవీ కలిపితే పదిహేను కుటుంబాలు. అరవైలో పదిహేను పావు వంతు. బృందంలో పావు వంతు గట్టిగా నిలబడితే మిగతావాళ్లు అటు తిరుగుతారని సామాజిక శాస్త్రవేత్త సెంటోలా బృందం 2018లో ప్రయోగం చేసి చూపింది. అది ఇరవై ముప్ఫైమంది ఉన్న ఆన్‌లైన్ గుంపుల్లో, బొమ్మకు పేరు పెట్టే ఆటలో వచ్చిన ఫలితం, మన బతుకమ్మలో కాదు. కాబట్టి పావు వంతును మంత్రంలా జపించకండి. నలుగురైదుగురితో పని కాదు, అందరూ ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు అన్నంతవరకు నమ్మండి.

ఉపన్యాసం వద్దు, చేతులెత్తించండి

రెండో ప్రపంచయుద్ధం నాడు అమెరికాలో మంచి మాంసం సైన్యానికి పోతుంటే, ఇళ్లలో గుండెకాయ, మూత్రపిండాల్లాంటివి వండించాలని ప్రభుత్వం తలపెట్టింది. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ గృహిణులను చిన్న చిన్న గుంపులు చేసి, కొన్ని గుంపులకు పోషక విలువల మీద మంచి ఉపన్యాసం ఇప్పించాడు. మిగతా గుంపుల్లో అంతే సమయం వాళ్లనే మాట్లాడుకోనిచ్చి, చివర్లో "ఈ వారం ఎవరు వండి చూస్తారు?" అని చేతులెత్తమన్నాడు. ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి ముగ్గురు వండారు. మాట్లాడుకుని చెయ్యెత్తినవాళ్లలో నూటికి ముప్ఫైరెండు మంది.

మీటింగు పెట్టేటప్పుడు దీన్నే వాడుకోండి. ఎనభైమందితో ఒకే సభ కాకుండా టవరుకొకటి చొప్పున పన్నెండు, పదిహేనుమందితో కూర్చోండి. ముప్పావుగంట. గోడకు చార్టు అంటించి ఒకే ప్రశ్న రాయండి: "మన కార్యక్రమాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి?" చెప్పిన ప్రతి కారణాన్నీ రాయండి, ఏ ఒక్కదానికీ జవాబు చెప్పకండి. ముఖ్య అతిథి రాలేదని, పిల్లల మేకప్పు కాలేదని, వంట ఇళ్లలోనే చేసి తేవాలని, శనివారం కూడా ఆఫీసు కాల్ ఉందని వస్తాయి. కాసేపటికి ఎవరో ఒకరు అసలు మాట అంటారు: "ముందొస్తే ఖాళీ హాల్లో కూర్చోవాలి కదండీ." అక్కడ ఆగండి. అందరికీ టైముకి రావాలనే ఉంది, మిగతావాళ్లెవరూ రారని ప్రతి ఒక్కరూ నమ్ముతున్నారు. ఆ మాట పదిమంది ఒకరి ముందు ఒకరు ఒప్పుకోవడమే ఈ మీటింగు ఫలితం. ఆపైన ఒకే తీర్మానం, చేతులెత్తడం, ఎత్తినవాళ్లు ఎంతమందో చార్టు మీద రాసి ఫొటో తీసి గ్రూపులో పెట్టడం.

ఇక్కడ చెడేది ఒకేచోట. అధ్యక్షుడు మొదట మాట్లాడతాడు. ఆయన ఆఫీసులో పెద్ద హోదా మనిషైతే మరీనూ. "నా అభిప్రాయం ఏంటంటే" అన్న క్షణం నుంచి మిగతావాళ్లది "అవును సార్" అవుతుంది. గీతల పొడవు పోల్చమని మనస్తత్వవేత్త సొలొమన్ ఆష్ చేసిన ప్రయోగంలో, చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెబుతుంటే, కళ్లముందు కనిపిస్తున్నదాన్ని కూడా మూడో వంతుకు పైగా సార్లు జనం తప్పుగా చెప్పారు. పక్కన ఒక్కడు నిజం చెప్పేవాడుంటే ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ ఒక్కడిని మీరే ఏర్పాటు చేయాలి. వయసులో చిన్నవాళ్లతో మొదలుపెట్టి, పెద్దవాళ్లను తర్వాత, మీరు ఆఖర్న మాట్లాడండి. మీ ఆలోచనకు అడ్డు చెప్పిన మొదటి మనిషికి అందరి ముందూ "ఇది నాకు తట్టలేదండీ, రాసుకుంటున్నా" అని చెప్పి నిజంగానే రాసుకోండి. కోడలు మాట్లాడటానికి అత్తగారి ముందు ఇబ్బంది పడేచోట చీటీలు పంచండి. అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి, లేకపోతే రాత ఎవరిదో రంగు చెప్పేస్తుంది.

ఆ రోజు

శనివారం సాయంత్రం అనుకుందాం.

5:45కి హాలు తాళం తీయాలి, మైకు పరీక్ష అయిపోవాలి. 6:05 నుంచి 6:25 దాకా పునుగులు, టీ. 6:25కి గిన్నెలు లోపలికి వెళ్లిపోవాలి. ఏడింటికి కూడా పునుగులు దొరికితే ఏడింటికే వస్తారు, తప్పు వాళ్లది కాదు. 6:30కి హాల్లో ఎనిమిదిమందే ఉన్నా దీపం వెలిగించండి. దీపం ఆ రోజు అందరికంటే ముందొచ్చిన కుటుంబం చేత వెలిగించండి. ఈ ఒక్క మార్పు వంద మెసేజ్‌ల పెట్టు.

వెంటనే స్వాగతోపన్యాసం పెట్టకండి. దానికోసం తొందరపడి వచ్చినవాళ్లు భూమ్మీద లేరు. చిన్నపిల్లల అంశం పెట్టండి, పన్నెండు నిమిషాలు. తల్లిదండ్రులు, తాతయ్య నాయనమ్మలు ఎలాగూ వచ్చి తీరతారు. ముఖ్య అతిథికి ఏడు అని చెప్పండి. ఆయన మాట ఏడుంబావుకి, మిగతా వక్తలకు తలా మూడు నిమిషాలు. 8:30కి భోజనాలు మొదలవ్వాలి, 9:40కి మైకు కట్టేయాలి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు నిషేధం. అదీగాక పై అంతస్తుల్లో పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారు. గంట ఆలస్యంగా మొదలైతే కత్తిరింపు పడేది అధ్యక్షుడి ఉపన్యాసానికి కాదు, చివర్లో పెట్టిన ఆడవాళ్ల కోలాటానికో బతుకమ్మకో. రెండేళ్లుగా రావడం మానేసినవాళ్ల పేర్ల పక్కన ఈ కారణం ఉందేమో చూడండి.

పరీక్ష 6:25కి వస్తుంది. పెద్ద చందా ఇచ్చిన ఆయన ఫోన్ చేసి "బయల్దేరాం, ఓ పావుగంట ఆగండి" అంటారు. మీరు ఏడాది పాటు చెప్పబోయేదంతా ఈ ఫోనుకు మీరిచ్చే జవాబులో ఉంటుంది. పక్కనున్న నలుగురూ వింటుంటారు. "అన్నయ్యా, మీరు నిదానంగా రండి. పిల్లలు వేషాలేసుకుని నిలబడ్డారు, దీపం పెట్టేస్తున్నాం. మిమ్మల్ని స్టేజీ మీదకి పిలిచేది ఏడూ ఇరవైకి." అంతే, వివరణలు పెంచొద్దు. ఆయన నొచ్చుకోవచ్చు. మర్నాడు ఉదయం వాళ్లింటికి స్వయంగా వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. ఆ పది నిమిషాలు లేకపోతే పై జవాబు పొగరు అనిపించుకుంటుంది.

ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఏదీ మళ్లీ మొదటినుంచి చేయొద్దు. వాళ్లను మైకులో దెప్పొద్దు కూడా. టైముకి వచ్చినవాళ్ల చెవులకే ఆ దెప్పుడు తగులుతుంది. మూడు కార్యక్రమాలు ఇలా జరిగేదాకా పద్ధతి పని చేసిందా లేదా అని తేల్చకండి. రెండోసారి మొదటిసారికంటే తక్కువమంది ఉండటం మామూలే. మొదటిసారి వింత చూద్దామని వచ్చినవాళ్లు అప్పుడు రారు.

జరిమానా, హెచ్చరిక

"లేటొస్తే కుటుంబానికి వంద ఫైను" అనే సలహా ప్రతి మీటింగులో వస్తుంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల్ని చూసుకునే కేంద్రాల్లో ఈ పని చేసి చూశారు, ఫలితాలు 2000లో వెలువడ్డాయి. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, రెట్టింపు దాకా పెరిగాయి. అంతకుముందు టీచరమ్మను నిలబెట్టామే అన్న మొహమాటం ఉండేది. జరిమానా పడ్డాక ఆలస్యానికి ఒక ధర ఏర్పడింది, కట్టేస్తే చాలు. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆ మొహమాటం తిరిగి రాలేదు. 2024 మార్చిలో నీటి కటకట వచ్చినప్పుడు తాగునీటితో కార్లు కడిగితే అయిదు వేలని బెంగళూరు జలమండలి వేసిన జరిమానా సంగతి వేరు. అది పెద్ద మొత్తం, వేసింది చట్టం చేతిలో ఉన్న సంస్థ. చందాలతో నడిచే బృందానికి ఆ బలం లేదు, మొహమాటమే దాని ఆస్తి.

హెచ్చరిక రాసేటప్పుడు కూడా చెయ్యి తొందరపడుతుంది. "చాలామంది లేటుగా వస్తున్నారు, దయచేసి గమనించగలరు" అని రాస్తే చదివినవాడికి అందేది మొదటి సగమే: ఓహో, చాలామంది లేటుగానే వస్తున్నారన్నమాట. అమెరికాలో శిలాజ వృక్షాల (రాళ్లుగా మారిన చెట్ల) పార్కులో మనస్తత్వవేత్త చాల్డీనీ బృందం ఇదే చూసింది. "ఎందరో ఇక్కడి ముక్కలు పట్టుకుపోయారు" అన్న బోర్డు పెట్టినచోట, "దయచేసి తీసుకెళ్లకండి" అని మామూలుగా రాసినచోటికంటే ఎక్కువ ముక్కలు పోయాయి. కాబట్టి జరిగిన మంచిని, నిజంగా జరిగిందైతేనే, అంకెతో రాయండి: "పోయిన శనివారం 6:30కి హాల్లో 34 మంది ఉన్నాం. ఈసారి దీపం వెలిగించే కుటుంబం ఎవరో చూద్దాం." అంకె చిన్నదైతే రాయకండి. పెంచి మాత్రం అస్సలు రాయకండి, హాల్లో ఉన్నవాళ్లు లెక్కపెట్టుకునే ఉంటారు.

గ్రూపులో చెడ్డ ఫార్వర్డు పడ్డ గంట

కులాన్నో, ప్రాంతం యాసనో వెక్కిరించే జోకు ఒకటి ఏడాదిలో తప్పకుండా పడుతుంది. పెట్టింది మీ స్నేహితుడే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ గంటలో మీరేం చేశారన్నది ఏడాదంతా గుర్తుంటుంది.

ముందు అడ్మిన్‌గా దాన్ని అందరికీ తొలగించండి. తర్వాత ఫోన్: "బావా, ఆ జోకు తీసేశాను. నువ్వు సరదాకే పెట్టావని నాకు తెలుసు. మన గ్రూపులో దాన్ని చదివి అన్నం సహించని ఇల్లు ఉందిరా. నువ్వే ఒక మాట రాసెయ్, బాగుంటుంది." అతను రాస్తే ఆ విషయం అక్కడితో వదిలేయండి. రాయకపోతే సాయంత్రంలోగా మీరు రెండు లైన్లు, పేరు లేకుండా: "మధ్యాహ్నం ఒక మెసేజ్ తీసేశాం. కులం, ప్రాంతం, యాస మీద వేళాకోళాలు ఈ గ్రూపులో ఉండవు." చర్చకు పిలవకండి. ఎవరైనా "అందులో తప్పేముంది" అని మొదలుపెడితే "ఫోన్ చేస్తానండీ" అని రాసి నిజంగా చేయండి.

ఊరూ పేరూ లేనివాడి జోకును పది నిమిషాల్లో తీసి, స్నేహితుడి జోకును రాత్రిదాకా ఉంచారో, నియమం అంటే ఏమిటో అందరికీ అర్థమైపోతుంది. మళ్లీ బోధించనక్కర్లేదు.

మైకు, శాలువా, బంతి

ఎవరి పేరు పలుకుతారో వాళ్ల పనికి విలువ వస్తుంది. చందాదారుల పేర్లు స్క్రీన్ మీద వేయండి, చదవకండి. మైకులో చదవాల్సింది కుర్చీలు వేసినవాళ్ల పేర్లు, హాలు ఊడ్చిన హౌస్‌కీపింగ్ వాళ్ల పేర్లు, సెక్యూరిటీవాళ్ల పేర్లు. సరైన పేర్లే చదవాలి. ముందురోజు వెళ్లి అడిగి, ఎలా పలకాలో కనుక్కుని రాసుకోండి.

వంట ఆడవాళ్లకు, స్టేజీ మగవాళ్లకు అన్న పాత పంపకం మీద ఉపన్యాసం ఇస్తే నవ్వి ఊరుకుంటారు. బాధ్యతల కాగితం మీద మార్చండి. వడ్డన బాధ్యుడిగా మగమనిషి పేరు, లెక్కల బాధ్యురాలిగా ఆడమనిషి పేరు. మొదటి బంతిలో పిల్లలు, పెద్దవాళ్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు కూర్చోవాలి. అధ్యక్షులు ఆఖరి బంతి. సాంబారు అడుగంటితే అది మీ విస్తట్లోనే పడాలి. తర్వాతి కార్యక్రమానికి సాంబారు కొలత సరిచేసే మనిషి మీరే అవుతారు.

పళ్లేల సంగతీ ఇక్కడే. ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, ఫ్లెక్సీలు కర్ణాటకలో 2016 నుంచి నిషేధం. స్టీలు పళ్లేలు అరువిచ్చే ప్లేటు బ్యాంకులు నగరంలో ఉన్నాయి, పదిరోజుల ముందు అడగండి. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, తిరిగి వాడలేని చెత్తకు ఎర్ర డబ్బా, పొడి చెత్తకు సంచి. ఈ మూడింటి దగ్గర మొదటి అరగంట అధ్యక్షుడే నిలబడితే బోర్డు రాయనక్కర్లేదు.

ఊరివాళ్లతో, పాతవాళ్లతో

బెంగళూరులో రెండు రకాల తెలుగువాళ్లున్నారు. ఉద్యోగాలకొచ్చినవాళ్లు, తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు. రెండోవాళ్ల తెలుగులో కన్నడ కలిసి ఉంటుంది, చాలామందికి తెలుగు లిపి రాదు. వాళ్ల మాటను సరిదిద్దడం మొదలుపెట్టిన రోజే వాళ్లు వెళ్లిపోతారు. ఆహ్వానాలు తెలుగులో, కన్నడలో రెండింటా వేయండి, వాయిస్ మెసేజ్ కూడా పెట్టండి.

నవంబరు 1 జాగ్రత్తగా పట్టుకోవాల్సిన తేదీ. 1956లో ఆంధ్రప్రదేశ్, విశాల మైసూరు రాష్ట్రాలు రెండూ ఆ రోజే ఏర్పడ్డాయి, మైసూరు 1973లో అదే తేదీన కర్ణాటక అయింది. ఆ రోజు మీ హాల్లో ఆంధ్రావతరణ ఒక్కటే జరిపితే కింద రాజ్యోత్సవం జరుపుకునే కన్నడిగులకు, హాల్లోనే కూర్చున్న తెలంగాణవాళ్లకు ఒకే రోజు పరాయితనం అంటుతుంది. అసోసియేషన్ జెండా వందనానికి కుర్చీలు, ఉప్పిట్టు (ఉప్మా) మీ బృందం బాధ్యతగా తీసుకోండి. మీ భాషా వేడుకను ఆగస్టు 29కి, గిడుగు రామమూర్తి జయంతికి జరుపుకోండి, అందరూ కలుస్తారు. ఉగాదికి మన ఆరు రుచుల పచ్చడి పక్కన వాళ్ల బేవు (వేప) బెల్లం గిన్నె కూడా పెట్టండి.

ఒకే హాల్లో కూర్చోబెడితే కలిసిపోతారని మాత్రం అనుకోకండి. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో మనస్తత్వవేత్త ముజఫర్ షెరీఫ్ రెండు పిల్లల జట్లను కలపడానికి కలిసి భోజనాలు, సినిమాలు పెడితే కూడు విసురుకున్నారు. నీళ్ల ట్యాంకు చెడి, అందరూ కలిసి వెతికితే తప్ప నీళ్లు రాని పరిస్థితి కల్పించాక మెత్తబడటం మొదలైంది. అదీ ఒక్క రోజులో కాదు, అలాంటి పనులు వరసగా పడ్డాక. కాబట్టి కోనసీమవాళ్లను ఒక బల్లకు, వరంగల్‌వాళ్లను ఇంకో బల్లకు కూర్చోబెట్టి "మనమంతా ఒకటే" అనేకంటే, రెండు వందలమంది వడ్డనకు ఇద్దరినీ ఒకే జట్టులో వేయండి. జట్టులో నలుగురు, నాలుగు ఊళ్లు.

మీరు లేనప్పుడు

పదేళ్ల వయసు పిల్లల జట్లపై 1939లో లెవిన్, లిపిట్, వైట్ అచ్చేసిన ప్రయోగంలో, హుకుం చలాయించే నాయకుడు గదిలో ఉన్నంతసేపే పని జోరుగా సాగింది, ఆయన బయటికెళ్తే పడిపోయింది. పిల్లలతో మాట్లాడి పని పంచిన నాయకుడు బయటికెళ్లినా పని ఇంచుమించు అలాగే సాగింది. ఈ పరీక్ష మీకు మీరే పెట్టుకోవచ్చు. ఎనిమిదో నెలలో ఒక చిన్న కార్యక్రమానికి కావాలనే ఊళ్లో ఉండకండి. ఫోన్ చేసి అడగకండి. మర్నాడు దీపం ఫొటో టైము చూడండి. 6:30 నుంచి 6:40 లోపు ఉంటే అలవాటు నిలిచింది. 7:10 అయితే ఇన్నాళ్లూ వాళ్లు మీ మొహం చూసి వచ్చారన్నమాట. టీకి పిలిచిన ఆ అయిదుగురిని మళ్లీ పిలిచి, తాళం, మైకు, దీపం ముగ్గురికి పంచండి.

దిగిపోయేటప్పుడు కొత్తవాళ్లకు నోటుబుక్కు, రసీదులు, వంటవాళ్ల నంబర్లు, సాంబారు కొలత ఇవ్వండి. బ్యాంకు సంతకం మార్పు, గ్రూపు అడ్మిన్ మార్పు అదే వారంలో చేయండి. ఆ తర్వాత మూడు నెలలు గ్రూపులో ఏర్పాట్ల మీద ఒక్క సలహా కూడా రాయకండి. అడిగితే ఫోన్లో చెప్పండి. కొత్తవాళ్ల మొదటి కార్యక్రమానికి ఆరుంబావుకల్లా వెళ్లి, మూడో వరసలో కూర్చోండి.